తల్లిని మల్ల పిలిచిన దేవవ్వ

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. జర దూరం వెట్టు, దగ్గర వెడితె నాకు అంత అలికినట్టు కనవడ్తది. ఆఁ, ఇప్పుడు సక్కగున్నది. గివేం జింకలు పొల్లా, నెత్తిమీద ఎండుకొమ్మలు నిలవెట్టుకున్నట్టు? ఆడదానికి గూడ కొమ్ములుంటయా? మంచిగున్నది. మా కాలంల మా అత్తకు తప్ప ఏ ఆడదానికి కొమ్ములు లేకుండె. నవ్వకు, నిజమే సెప్తున్న. మరి గంత మంచుల వీటికి మేత యాడ దొరుకుతది? కాళ్లతోని మంచు తవ్వి కింద పాసి తింటయా? పాపం. గీ ఎర్రంగి పిలగాడేంది, దాని మెడ వట్టుకున్నడు? సూదేస్తున్నడా? అడివి జింకకు సూదేంది? ఓ, ఇవి పెంచేటియా. వీటికి రోగమొస్తె అడివిల తిరిగే మందకు అంటుతదనా. అంటుతది బిడ్డా, అంటుతది. నువ్వు గొడ్ల డాక్టరు సదువుల గా లావు పుస్తకాలు సదివి నాకు సెప్పుడెందుకు, గీ కండ్లతోని నేను సూసిన. మా అత్త దేవవ్వ సూసింది. సూసుడేంది, ఆమెనే అంటించింది. ఆగు, ఆగు, గట్ల మధ్యల వట్టుకుంటె సమజ్ గాదు. కూసో. ఆ గంప ఇటు జరుపు, చింతపండుల గింజలు తీసుకుంట సెప్త. ఉత్తచేతులతోని మాట్లాడుడు నాతోని కాదు.

దేవవ్వ అంటే మీ తాత అంజన్నను కన్నతల్లి. నువ్వు సూడలే. మీ బాపు లాగులు తొడుక్కునే వయసులనే పోయింది. ఫోటువ గూడ లేదు. ఓసారి జన్నారం అంగట్ల ఫోటువలు తీసేటోడు ఎంటవడ్తె, 'నా మొకం నా తాననే ఉండనియ్యి, నువ్వు పట్టుకపోయి ఏం జేస్కుంటవు' అని ఎల్లగొట్టింది. మనిషి పొడుగు, నలుపు, మోచేతుల దాక పచ్చబొట్లు. గొంతు ఊల్లె అందరికన్న పెద్దది. ఇంటిముంగట నిలవడి కేకేస్తె వాగవుతల మేసే గొడ్లు తలకాయెత్తేటియి, ఇగ నా సంగతి సెప్పాల్నా. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు బక్కపొల్లను. ఆమె బెల్లం డబ్బ తలకాడ వెట్టుకొని పండేది, నేనేదో ఊడ్సుక తింటనన్నట్టు. గట్లని చెడ్డదా అంటె కాదు. నాకు జరమొస్తె నా కాళ్లు ఒత్తింది. అత్త కోడలి కాళ్లొత్తుడు ఎవలన్న సూస్తె పరువు పోతదని తలుపు దగ్గరికేసి ఒత్తింది. గసుంటి మనిషి. పొద్దంత తిట్టేది, తిట్టినంక ఆకలైతుందా అని అడిగేది.

ఇగ ఆమెకు ఇంకో సంగతుండె. ఆమె ఒంటిమీదికి పోశమ్మ తల్లి వచ్చేది. గిప్పటోళ్లు నమ్ముతరో లేదో, నమ్మకున్న ఇను. డప్పు మోగంగనె ముందుగాల ఎడమకాలు అదురుతది. కాలి కడియం గలగలమంటది. తర్వాత కండ్లు మూతవడ్తయి, గొంతు మారుతది. నేను పక్కపొంటి నిలవడి కొంగు వట్టుకునేదాన్ని, పడిపోకుండ. గందుకే ఆ ఎడమకాలి సంగతి నాకొక్కదానికే ఎరుక, తతిమ్మోళ్లందరు మొకం దిక్కు సూసేటోళ్లు. తల్లి ఏం జెప్తె ఊరు గదే చెయ్యాలె. పర్శరాములసుంటోడు గూడ నెత్తిరుమాలు తీసి చేతుల వట్టుకునేటోడు. పర్శరాములంటే ఊల్లె అందరికన్న ఎక్కువ గొడ్లున్నోడు. ఆయినె మాట్లాడితె పక్కింట్ల పండుకున్న పిల్లలు లేసేటోళ్లు. యాదివెట్టుకో, మల్ల వస్తడు.

ఏమడిగినవు? జింకలా? వస్తున్న, గాడికే వస్తున్న. ఎండకాలం మొదలైతుంటె ఇప్పపువ్వు రాలుతది గదా. చౌడుమడుగు బాటల మాకో ఇప్పచెట్టుండె. తెల్లారెటాళ్లకు పోకపోతె దుప్పులు తినిపోతయి. మచ్చల దుప్పులకు ఇప్పపువ్వంటె పానం. గా చెట్టుకాడికి సెవి చీలిన ఆడదుప్పి ఒకటి వచ్చేది. దేంతోనన్న తప్పించుకున్నప్పుడు చీలిందో ఏమో. మా అత్త దాన్ని మరదలా అని పిలిసేది. 'ఏందే మరదలా, నాకన్న ముందుగాల లేస్తివి, మీ ఇంట్ల అత్త లేదా తిట్టేతందుకు?' అని దాన్ని అడుగుడు, నా దిక్కు సూసుడు. అది ఆ పక్క తినేది, ఈమె ఈ పక్క ఏరేది. జర కదిలినా బెదరకపోయేది. గంప ఇంకా నిండకముందె మా అత్త లేసి నిలవడేది. 'ఇగ సాలు పిల్లా, దాని కడుపుల పిల్ల ఉన్నది' అనేది. నాకు బెల్లంముక్క వెట్టనామె అడివి దుప్పికి పువ్వు ఇడిసిపెడ్తది, ఏమనాలె సెప్పు. నాకు కోపం గూడ వచ్చేది. ఆ బాటల ఇంకజర పోతె మడుగు. మడుగు చుట్టు భూమి తెల్లగ ఉప్పు పేరి ఉంటది. దుప్పులు, కణుజులు అన్ని వచ్చి ఆ మట్టి నాకి నీళ్లు తాగిపోయేటియి. కణుజు ఎరుకేనా, దుప్పికన్న పెద్దది, కోడెదూడంత ఉంటది, గోధుమరంగు. నీ ఫోన్ల ఉన్నంత మంద కాకున్న, పొద్దుమూకెటాళ్లకు సూస్తె ఆ గడ్డంత మచ్చలు మచ్చలుగ మెసిలేది. మా అత్త సూసి, 'వాటి ఊరు మన ఊరికన్న పెద్దది' అనేది.

అది ఆంధ్రప్రదేశ్ అయిన యేడు, గని ఇంకా కాకముందు, హైద్రాబాద్ సర్కారే నడుస్తుండె. శివరాత్రి ముంగట గొడ్లకు పెద్దరోగం వచ్చింది. ఇప్పుడది లోకంలనే లేదంటవా? నిజంగనా? నీ నోట్ల చక్కెర వొయ్య. మేమైతె దాని పేరు గూడ పలుకకపోదుము, తల్లి వచ్చింది అనేటోళ్లం. గొడ్డు కండ్లల్లకెల్లి నీళ్లు కారుతయి, ముక్కు కారుతది, నోరంత పుండ్లు, మేత ముట్టది, పారుకుంట పారుకుంట ఒరుగుతది. ఆ వాసన ఇప్పటికి నా ముక్కుల ఉన్నది. మా కొట్టంల ఆవులు, లేగలు ఒక్కోటి పోయినయి. మీ తాతకు వాటిని గుంజుకపోయి పారేసుడె పనైంది. అన్నం ముంగట కూసుంటె చెయ్యి కదలకపోయేది ఆయినెకు. ఆఖరికి కొట్టంల ఒక్క కోడె మిగిలింది, దానికి గూడ కండ్లు తడైనయి.

తల్లి గట్ల వచ్చినప్పుడు సాగనంపుడు మా దిక్కు ఆనవాయితి. చిన్న కట్టెబండి చేస్తరు. దాంట్ల పసుపు, కుంకుమ, గాజులు, రైకబట్ట, వేపమండలు, ఇంత కల్లు వెట్టి, డప్పు కొట్టుకుంట పొలిమేర దాక గుంజుకపోయి, ఇడిసిపెట్టి ఎనుకకు సూడకుంట రావాలె. బండెంబడి తల్లి పేరుమీద ఓ గొడ్డును గూడ ఇడుస్తరు. పక్క ఊరోళ్లు ఆ బండిని వాళ్ల అవుతలి పొలిమేరకు గుంజుతరు, వాళ్లెనుక ఇంకో ఊరోళ్లు. గట్ల ఊరు దాటి ఊరు పోవాలె తల్లి. మరి ఆఖరికి యాడ ఆగుతది అని నేనోసారి అడిగిన. 'నీకెందుకే, నీ ఇంట్ల ఆగకపోతె సాలు' అన్నది మా అత్త. ఆ పొద్దు ఆమె ఒంటిమీదికి తల్లి వచ్చింది. ఎడమకాలు అదిరింది, నేను సూసిన. 'నన్ను పంపుర్రి' అన్నది. సరే అని బండి గుంజుకపోతె, పక్క ఊరోళ్లు పొలిమేరల కట్టెలు వట్టుకొని నిలవడ్డరు. 'మా గొడ్లు ఇప్పుడిప్పుడె లేస్తున్నయి, మీ తల్లిని మీరే ఉంచుకోర్రి' అని. డప్పు ఆగింది. ఎవలకేం తోచలే, అందరు మా అత్త దిక్కే సూసిన్రు. ఆమె అడివి దిక్కు సూసింది. 'ఊర్లెందుకు, బండి అడివి దిక్కు తిప్పుర్రి. అడివిల ఎవలున్నరు, వద్దనేతందుకు?' అన్నది. గంతె. పర్శరాములు 'మా దేవవ్వకు మించిన బుద్ధి ఎవలకున్నది' అని ముందటవడి గుంజిండు. చౌడుమడుగు కాడ ఇడిసిన్రు. నీళ్లున్నయి, నీడున్నది, తల్లి సల్లగుంటదని. ఎంబడి మా కోడెనే ఇడిసిన్రు. పాపం అది నీళ్లల్ల మూతి వెట్టి నిలవడ్డది. మేం ఎనుకకు సూడకుంట వచ్చినం. నాకైతె సూడబుద్ధైంది, గని మా అత్త నా జడ వట్టుకొని నడిపిచ్చింది.

ఊల్లె రోగం ఆగింది. నువ్వనేది నిజమే, సచ్చేటియన్ని సచ్చినంక ఆగకేంజేస్తది. గని అప్పుడు ఆ పేరంత మా అత్తకే వచ్చింది. ఒకామె కోడిపెట్టను తెచ్చిచ్చింది, ఒకామె గుమ్మడికాయ తెచ్చిచ్చింది. పర్శరాములు చీర వెట్టిండు. ఆ చీర కట్టుకొని బాయికాడికి పోతుంటె ఆమె నడక సూడాలె, బాటంత ఆమెదే. ఇంట్ల పాలచుక్క లేదని మా బాపు నాకోసమని ఓ ఎర్రావును తోలిచ్చిండు. మా అవ్వగారి ఊల్లె రోగం రాలే, అది నిమ్మళంగ ఉండె. నా ఆవు, నా పేరుమీద వచ్చిన ఆవు. నేను దాని కొమ్ములకు పసుపు రాసి మురిసిపోయిన. కోడలి ఆవు పాలు తాగుడు మా అత్తకు జర కష్టమే అయింది, గని తాగింది.

ఇగ ఇప్పపువ్వు రాలవట్టింది. తెల్లారెటాళ్లకు పోయినం. మరదలు లేదు. మరునాడు పోయినం, లేదు. కిందటినాటి పువ్వు మేం ఏరంగ మిగిలింది మిగిలినట్టె వాడిపోయి ఉన్నది. గంప నిండుగ నిండింది. నాకు సంబురమే, ఆమెకు బుగులైంది. 'గింత పువ్వు రాలితె ఒక్కతి రాలేదంటె ఏందే పిల్లా' అనుకుంట మడుగు దిక్కు నడిసింది. నేనెనుక పోయిన. వాసన ముందుగాల తగిలింది. మా కొట్టంల వచ్చిన వాసనే. మడుగు కాడ మా కోడె పడి ఎముకలైంది. దాని చుట్టుపక్కల ఆ తెల్లగడ్డమీద దుప్పులు. ఎన్నని సెప్పాలె, కాలు వెట్ట జాగ లేదు. ఓ కణుజు ఇంకా నిలవడి ఉన్నది, నీళ్లల్ల. మమ్ముల సూసి ఉరుకలే. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, ముక్కు కారుతున్నది, తాగుదమని మూతి వెడ్తది, తాగలేకపోతది. అచ్చం మా కోడె నిలవడ్డట్టె నిలవడ్డది. మా అత్త గంప కిందవడేసి ఒక్కోదాని కాడికి పోయి ఒంగి సెవులు సూసింది. అన్నిటియి సూసింది. సెవి చీలింది దొరుకలే. ఉన్నదో లేదో, పొదల్ల యాడ పడిపోయిందో. అప్పుడు గా మట్టిమీదనె కూసున్నది. రెండుచేతులతోని చెంపలేసుకున్నది, ఊరికెనె కాదు, చప్పుడైతట్టు. 'అడివిల ఎవలున్నరని అంటిని గదనే. గీ నోటితోనె అంటిని. వీళ్లకు కట్టె వట్టుకొని నిలవడ చేతులు లేవని ఈళ్ల ఇంట్లకు తోల్తిని' అన్నది. నేను ఆమెను లేపుదమని చెయ్యి వట్టుకున్న. నా ఏడుపు నాకే ఆగలే బిడ్డా. గంతగనం తిట్టిన అత్త, నా చేతుల చెయ్యి వెట్టి చిన్నపిల్లోలె కూసున్నది.

వాపసు వస్తుంటె బాటల గణగణమని గొడ్ల గంటల చప్పుడు. ఎవలనుకున్నవు, పర్శరాములు. ఊల్లె మిగిలిన గొడ్లన్ని తోలుకొని మడుగు దిక్కె వస్తుండు. ఎందుకంటె, ఊల్లెకు సలోత్రి వచ్చిండు. గొడ్ల డాక్టరును అప్పుడు గట్లనేటోళ్లం. సూదులేస్తనంటున్నడు. సూదేస్తె గొడ్డుకు జరమొస్తదని వీళ్లు ఇన్నరు. 'మనం డప్పు కొట్టి సాగనంపిన తల్లిని ఆయినె సూదివెట్టి లేపుతడట, గొడ్లను దాచిపెడ్తున్నం' అన్నడు పర్శరాములు. మా అత్త బాటకడ్డం నిలవడ్డది. 'పోకు. ఆడ దుప్పులన్ని పడ్డయి, తల్లి ఆన్నే ఉన్నది. అంటుతది' అన్నది. 'దుప్పుల రోగం దుప్పులది, గొడ్ల రోగం గొడ్లది. నువ్వే పంపినవు, నువ్వే బెదరబట్టె' అని పక్కకెల్లి తోలుకపోయిండు. ఆమె చీర, ఆయినె పెట్టిన చీర, ముండ్లకు తట్టుకొని చినిగింది. ఎడ్లు రాసుకపోతుంటె గట్లనే నిలవడ్డది. తర్వాత నా దిక్కు తిరిగి, 'గా సలోత్రి యాడున్నడే' అన్నది.

సావడిల ఉన్నడు. లక్ష్మీకాంతరావని, సుల్తానాబాద్ దిక్కు పిలగాడు. దొరలింటి పిలగాడే గని దొరతనం లేకుండె. వాళ్లది వడ్లు పండే జాగ, అడివి ఎరుగడు. సైకిల్ మీద వస్తు వాగుల పడ్డడు, లాగు సావడి మీద ఆరేసి ధోతి చుట్టుకొని కూసున్నడు. సూదిమందు మాత్రం తడువనియ్యలే. మంచుగడ్డలేసిన డబ్బల సీసలు, గా డబ్బను ఒళ్లె వెట్టుకొని, ఒక్కరు గూడ గొడ్డును తెస్తలేరని పరేషానై ఉన్నడు. మా అత్త పోయి ముంగట కూసున్నది. 'సాబూ, గా సీసల ఏమున్నదో నిజం సెప్పు' అన్నది. ఆయినె అవద్ధమాడచ్చు. బలం మందు అంటె అయిపోయేది. ఆడలే. 'అవ్వా, అండ్ల ఉన్నది గా రోగమే' అన్నడు. నేనైతె రెండడుగులు ఎనుకకు జరిగిన. 'రోగం తెచ్చి రోగం పోగొడ్తవా?' అన్నది. 'ఇది కోపం తగ్గిన రోగం అవ్వా. ఒక మేకకిచ్చి, ఆ మేకకెల్లి ఇంకో మేకకు, దానికెల్లి ఇంకోదానికి, గట్ల మస్తు మేకలల్ల తిప్పిన్రు. తిరిగి తిరిగి దాని బలం పోయింది. ఇప్పుడు గొడ్డుకు వేస్తె జర జరమొస్తది, గంతె. తర్వాత అసలు రోగం దాన్ని ముట్టది.' మా అత్త ఇన్నది. డబ్బ దిక్కు సూసింది. మేకలంటె ఆమెకు ఎరుక లేదా, తల్లి కోపం సల్లారాలంటె మేకనే కొడ్తరు గదా. 'గన్ని మేకలల్ల తిరిగి వచ్చిందా' అని మెల్లగ అడిగింది. 'తిరిగే వచ్చింది' అన్నడు. 'అయితె గీమె సల్లవడ్డ తల్లి సాబూ. మనం ఎదురుకొని ఇంట్లకు తీసుకోవాలె. గొడ్లకు ముట్టినంక వాటికెల్లి అడివికి పోదు గదా?' 'గొడ్డుకే రాకపోతె అడివికి యాడికెల్లి పోతది అవ్వా' అన్నడు ఆ పిలగాడు. అగో, గా మాటకు లేసింది.

ఇంటికొచ్చి బోనం కుండ కడిగింది. పసుపు రాసింది. డబ్బను దాంట్ల వెట్టి వేపమండలు కప్పింది. లక్ష్మీకాంతరావు 'అవ్వా, ఎండ తగలనియ్యకు, మంచు కరుగుతది' అనుకుంట గొడుగు వట్టుకొని ఎంబడివడ్డడు. డప్పులోళ్లను పిలిచింది. ఇగ ఊరంత వచ్చింది, మల్లేం సాగనంపుతదో అని. సాగనంపుడు కాదు, పిలుసుకచ్చుడు. గా బండి కాడికే పోయింది, మడుగు కాడికి. డప్పు మోగుతుంటె బండిమీది వేపమండ తీసి కుండమీద వెట్టి, 'తల్లీ తప్పైంది. నోరులేనోళ్ల ఇంట్ల నిన్ను ఇడిసిపెట్టి పోయినం. ఇంటికి రా. మేమే భరిస్తం, మాతోనె ఉండు' అన్నది. జనం గొల్లుమన్నరు. పోయిన రోగాన్ని పేరువెట్టి పిలిసేటోళ్లు ఎవలన్న ఉంటరా? పర్శరాములు కట్టె లేపిండు. గప్పుడే మా అత్త కండ్లు మూసి, గొంతు మార్చి, 'నేను వచ్చిన. మేకలల్ల తిరిగి సల్లవడి వచ్చిన. సూదిమొన మీద నన్ను కొట్టంలకు తీస్కపోర్రి. గీ మడుగుల మీ గొడ్డు మూతి వెట్టద్దు. ఇది నా మరదలి ఇల్లు' అన్నది. అందరు దండం పెట్టిన్రు. మా పక్కింటి ఐలవ్వ ఒక్కతి నా సెవుల, 'పోశమ్మకు మరదలెవలే' అన్నది. 'ఉండదా మరి, దేవుండ్లకు చుట్టాలుండరా' అన్న నేను. నేనేమో కింద సూస్తున్న. ఎడమకాలు అదురలే. కడియం కదులనే కదులలే. భూమిల పాతినట్టు నిలవడ్డది కాలు.

ఔ, ఎరుకే. అడిగిన, అడుగకుంటె ఉంటనా, మస్తు యేండ్లకు అడిగిన. 'తల్లి ప్రతిసారి వస్తదా పిల్లా? రానినాడు మనమే పోవాలె' అన్నది, అని చాట చెరగవట్టింది.

ఆఁ, సూది. పర్శరాములు తల్లికి దండం పెట్టిండు గని బుద్ధి వదులలే. 'ముందుగాల ఎవల గొడ్డుకు ఏస్తరో ఎయ్యుర్రి, సూసి మావాటికి ఏపిస్తం' అన్నడు. మాకు గొడ్డెక్కడిది, నా ఎర్రావు ఒక్కటే. మా అత్త నా దిక్కు తిరిగింది. గా ఇంట్ల నన్ను ఏదన్న అడుగుడు అదే మొదలు, అప్పటిదాక చెప్పుడే గని అడుగుడు లేదు. 'కమలా, నీ ఆవు. నువ్వొద్దంటె లేదు' అన్నది. నేనేమందును? దొడ్లె నా ఎర్రావు నిలవడ్డది, మనసుల ఆ కణుజు నిలవడ్డది. 'ఎయ్యుమను' అన్న. లక్ష్మీకాంతరావు ఏసిండు. మరునాడంత బాగుండె. తర్వాత జరమొచ్చింది. మేత ముట్టలే, పాలు ఇంకినయి, సెవులు వేలేసింది. పర్శరాములు మా అరుగుమీద కూసున్నడు. 'ఆవు పోవాలె, గీ సలోత్రిని, దేవవ్వను ఒక్క బండిల పొలిమేర దాటిస్త' అని అందరికి ఇనవడ్తట్టు. ఆ పిలగాడు మొకం ఎండిపోయి, 'జరం వస్తదనే చెప్పిన గదా' అని వచ్చినోళ్లకల్ల సెప్తుండు. పోవచ్చు, సైకిల్ ఉన్నది, పోలే. మా అత్త కొట్టంలనె కూసున్నది. దాని కండ్లు తుడుసుడు, నీళ్లు కారుతున్నయా అని సూసుడు. కారలే. నోరు తెరిసి సూసుడు, పుండ్లున్నయా అని. లేవు. బెల్లం డబ్బ తెచ్చింది, పొల్లా, తలకాడి డబ్బ, నేనెన్నడు మూత తీసింది సూడనిది. ముక్క ముక్క గోరువెచ్చటి నీళ్లల్ల కలిపి దాని నోట్ల పోసింది. డబ్బ అడుగు కనవడ్డది. ఓ పొద్దుగాల నేను లేసి పోతె ఆవు నిలవడి ఆమె చెయ్యి నాకుతున్నది. గడ్డి నములుతున్నది. నన్ను సూసి మా అత్త డబ్బ అడుగున మిగిలిన ముక్క గీరి నా నోట్ల వెట్టింది. 'ఆవు నీదే, బెల్లం గూడ తిను' అన్నది. గా బెల్లం తీపి ఇప్పటికి మరువలే.

అందరు గొడ్లను అడివిలకెల్లి తోలుకచ్చి వరుసగ కట్టిన్రు. అన్ని దక్కినయంటె అవద్ధం. మడుగు నీళ్లు తాగినయి కొన్ని అప్పటికే పట్టుకున్నయి, పర్శరాములువే పోయినయి. ఆయినె ఆ తర్వాత అరుగుమీద కూసోలే. గని మిగిలినయి ఉన్నయి. మడుగు దిక్కు గొడ్లను తోలుడు బందైంది. వాగు ఇసుకల చెలిమెలు తీసి ఆడనె తాపుడు. ఎండకాలం చెలిమె ఎండితె ఆడోళ్లం కుండలతోని మోసి తొట్లు నింపినం, నడుములు వడిపోయినయి. 'తల్లి జెప్పింది' అంటె ఎదురులేదు గదా. కట్టెబండి మాత్రం మల్ల పొలిమేర దాటలే. సూదులేసేనాడు పోశమ్మకు బోనం తీసుడు మన ఊల్లె గప్పటికెల్లే. వేరే ఊరోళ్లు సూసి నవ్వుతరు, నువ్వు గూడ చిన్నప్పుడు ఎందుకే అని అడిగినవు, యాదున్నదా? తర్వాత మస్తు యేండ్లకు సర్కారోళ్లు వచ్చి గీ అడివి జంతువులకు ఇడిసిపెట్టాలె అని కట్టడి చేసిన్రు. అప్పటికి మా మడుగు కట్టడి పాతవడ్డది. లక్ష్మీకాంతరావు బదిలై పోయేదాక యేడాదికోసారి వచ్చిండు. వచ్చినప్పుడల్ల ముందుగాల మా అత్తను, 'అవ్వా, దుప్పులు కనవడ్డయా' అని అడిగేటోడు.

కనవడలే. గదే కదా. గొడ్లు బాగయినయి, పాలు వచ్చినయి, మీ తాత మల్ల అన్నం తిన్నడు. అడివి మాత్రం ఉత్తగ ఉన్నది. మరుసటి యేడు పువ్వు రాలితె ఆమె సగమే ఏరింది, సగం ఆ పక్క ఇడిసిపెట్టింది. 'దాని వంతు' అన్నది. అది ఎండి చీమలవాలైంది. ఆ పై యేడు గట్లనే. నాకు లోపల కోపం, తినేది లేదు గదా, మనం ఏరుకుంటె ఏమాయె అని. ఆమె పొద్దుమూకంగ మడుగు దిక్కు పోయి సూసి వచ్చేది. ఏమన్న ఉన్నదా అంటె, 'గడ్డి మంచిగ మొలిసింది' అనేది. ఆమె మొకం సూస్తె నాకు మనసున పట్టకపోయేది. పచ్చబొట్ల చేతులు బక్కవడ్డయి. మనుషులు గట్లనే అయితరు, ఒక్క మాట అని, ఆ మాట కిందనే బతుకుడు.

ఆ మీది యేడు మీ బాపు నా కడుపుల ఉన్నడు. నువ్వు నడువకు అని నన్ను ఇంట్లనె ఉంచి ఆమె ఒక్కతే గంప వట్టుకొని పోయింది. పొద్దెక్కింది, రాలే. నాకు ఫికరైంది. వాకిట్ల నిలవడి సూస్తున్న. వచ్చింది. గంప బోర్లేసి సంకల వట్టుకున్నది. ఒక్క పువ్వు లేదు అండ్ల. 'ఏందత్తా, పువ్వు రాలలేదా?' అన్న.

'రాలింది.'

'మరి?'

గంప నా చేతికిచ్చింది. గడప మీద కూసొని, కాళ్లు సాపి, నా దిక్కు సూసి నవ్వింది. 'నాకన్న ముందుగాల లేసింది' అన్నది.

సెవి చీలిందేనా అని నేను అడుగలే.

ఏదీ, ఆ ఫోను మల్ల ఇటు తిప్పు. గా కొమ్ములున్న ఆడదాన్ని సూపియ్యి.